ఆకాశమార్గమునకు నీరటి యెవరు?

2022 ఫిబ్రవరి 26వ తేదీన మన నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమందలి తుంగతుర్తి గ్రామపు పొలములలో ఒక చిన్న శిక్షణ విమానము కూలిపోయినది. నాగార్జునసాగరునుండి బయలుదేరిన ఆ విమానములో విద్య నభ్యసించుచున్న యువతి యొక్కతయే యుండినది. తమిళనాడునుండి వైమానిక విద్య నేర్చుకొనవచ్చిన ఆ యువతి మన జిల్లా నేలమీద ప్రాణము విడిచినది. కొన్ని దినములు పత్రికలలో వార్తలు వచ్చినవి. నాయకులు సంతాపము తెలిపినారు. పిమ్మట ఆ విషయము మఱుగుపడినది. ఆ విమానమునకు తనిఖీ యెప్పుడు జరిగినది, ఎవరు జరిపినారు, అట్టి విద్యాలయములమీద ప్రభుత్వపు దృష్టి యేపాటి యున్నది అను ప్రశ్నలు మన జిల్లాలో ఏ సభలోనైనను వినబడినట్లు మాకు జ్ఞాపకము లేదు. ఆ మౌనమే నేటి మా వ్యాసమునకు కారణము.

విమానముల సంగతి ధనవంతుల సంగతి యనియు, బస్సు కిరాయిని లెక్కపెట్టుకొని ప్రయాణము చేయు చిట్యాలవంటి పట్టణములకు దానితో నిమిత్తము లేదనియు మన పఠనమందిరములలో కొందఱు మిత్రులు వాదింతురు. ఈ వాదము నిలువదు. కూలుచున్న విమానము క్రిందనున్న పొలము ఎవరిదో యడిగి పడదు. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదునుండి లండనునకు బయలుదేరిన ఎయిరిండియా విమానము నిమిషమైనను గడువకముందే వైద్య విద్యార్థుల వసతిగృహముమీద పడినది. విమానములోని 242 మందిలో 241 మంది మృతులైరి. వారితోపాటు నేలమీద నున్న 19 మందియు పోయిరి. ఆ పందొమ్మిదిమందిలో ఎవ్వరును ఆ విమానమునకు టిక్కెట్టు కొన్నవారు కారు.

మఱియు నేడు విమాన మెక్కువారందఱును ధనవంతులు కారు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి పొట్టచేత పట్టుకొని గల్ఫు దేశములకు పోవు కూలివాడు విమానముననే పోవుచున్నాడు. భూమి తాకట్టుపెట్టి కొడుకును అమెరికా చదువునకు పంపిన రైతు, ఆ కొడుకు దిగినట్లు వార్త తెలియువఱకు నిద్రపోడు. 2010 మే 22న మంగుళూరులో 158 మందిని బలిగొన్న విమానమును, 2020 ఆగస్టు 7న కోళిక్కోడులో 21 మందిని బలిగొన్న విమానమును దుబాయినుండి స్వదేశమునకు మనవారిని తీసికొనివచ్చుచుండినవే. కావున ఇది మన విషయమే.

తెలుగుజాతి ఈ మార్గమున చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. 2002 మార్చి 3వ తేదీన లోకసభాధ్యక్షుడు గంటి మోహనచంద్ర బాలయోగిగారు ప్రయాణించుచున్న హెలికాప్టరు కైకలూరు సమీపమున చేపల చెరువులో కూలి ఆయనయు, మఱి యిద్దఱును మరణించిరి. 2004 ఏప్రిల్ 17వ తేదీన ఎన్నికల ప్రచారమునకై బెంగుళూరు జక్కూరునుండి కరీంనగరమునకు బయలుదేరిన చిన్న విమానము లేచిన కొలది నిమిషములలోనే కూలగా నటీమణి సౌందర్యయు, తోడివారు ముగ్గురును కాలిపోయిరి. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖర రెడ్డిగారి హెలికాప్టరు నల్లమల యడవిలో పావురాలగుట్టమీద కూలి అయిదుగురు మృతులైరి. రాష్ట్రమంతయు ఒక రాత్రియు పగలును కన్నులలో ప్రాణములు పెట్టుకొని యెదురుచూచినది. మఱునాడు గాని శవములు దొరకలేదు.

ఈ మూడు దుర్ఘటనలును మూడు పార్టీల హయాములలో జరిగినవి కావు; మూడు కులములకో ప్రాంతములకో సంబంధించినవియు కావు. వీనినన్నిటిని గూర్చి మన ప్రాంతమున పుట్టిన వదంతులకు మాత్రము లెక్కలేదు. కుట్ర యనిరి, విధి యనిరి, జాతకమనిరి. 2009 నాటి ప్రమాదముపై నియమింపబడిన విచారణసంఘము చెప్పినది వేఱు. యంత్రమునందలి చమురు పీడనమును గూర్చి హెచ్చరిక దీపము వెలుగగా, పైలట్లిద్దఱును దానికి సంబంధించిన పుటను పుస్తకములో వెదకుచు అమూల్యమైన నిమిషములను పోగొట్టుకొనిరనియు, ఇంతలో దుర్వాతావరణమున చిక్కుకొని హెలికాప్టరు వశము తప్పినదనియు ఆ సంఘము తేల్చినది. ఇందులో కుట్రయు లేదు, జాతకమును లేదు. శిక్షణ, అభ్యాసము, వాతావరణ సమాచారము, బయలుదేరవలెనా వలదా యను నిర్ణయము – ఇవియే యున్నవి. ఇవన్నియు ముందుగా సరిచూడదగినవి. ముందుగా సరిచూచుటనే తనిఖీ యందుము.

అప్పటి హెలికాప్టరు రాష్ట్రప్రభుత్వపుది. ప్రయాణీకుడు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి. వాన కురియుచున్నది, కొండమీద మబ్బు కమ్మియున్నది, ఈ పూట ప్రయాణము వలదు అని ముఖ్యమంత్రితో చెప్పగల యధికారము ఎవ్వరికి కలదు? అట్లు చెప్పినవాని యుద్యోగమునకు రక్షణ యెవ్వరు? ఈ ప్రశ్న ఒక్క ముఖ్యమంత్రి విషయముననే గాక సర్వత్ర వర్తించును. యజమానితో కాదనగలవాడు లేనిచోట రక్షణ యను మాట కాగితముమీద మాత్రమే యుండును.

మన పాఠకులలో అనేకులు చెరువుల క్రింద సాగుచేసిన కుటుంబములవారు. నీరటి యనగా నేమో వారికి చెప్పనక్కఱలేదు. వానకాలము రాకముందే నీరటి కట్టమీద ఈ కొననుండి ఆ కొనవఱకు నడచును. తూము సరిగా మూయబడుచున్నదా, అలుగు దగ్గఱ రాయి కదలినదా, కట్టలో ఎలుకబొరియ పడినదా యని చూచును. బొరియ వ్రేలంత యున్నప్పుడు గంపెడు మట్టితో పూడును. గండి పడినపిదప ఊరంతయు పాఱలు పట్టుకొని పరుగెత్తినను ఆగదు. గండి పడిన తరువాత కారకుడెవ్వడని విచారించుట న్యాయస్థానపు పని. గండి పడకుండ చూచుట నీరటి పని. మొదటిదాని నెంత ఘనముగా జరిపినను రెండవదానికి బదులు కాదు.

విమానయానమున నేడు ప్రపంచమంతయు అంగీకరించిన ధర్మమిదియే. 1944 డిసెంబరులో చికాగో నగరమున జరిగిన ఒడంబడికను బట్టి యేర్పడిన అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 2013వ సంవత్సరమున రక్షణ నిర్వహణమును గూర్చి పందొమ్మిదవ అనుబంధమును ప్రత్యేకముగా అమలులోనికి తెచ్చినది. దాని సారాంశము సామాన్యులకును బోధపడునట్టిదే. విమానములు నడుపు ప్రతి సంస్థయు తన యింటిలోని లోపములను తానే వెదకి, ఏది యెంతటి ముప్పో లెక్కగట్టి, సరిచేయు పద్ధతిని పెట్టుకొనవలెను. ప్రతి ప్రభుత్వమును దేశమంతటికి రక్షణ కార్యక్రమమును ఒకదానిని నిర్ణయించి, సంస్థలు చెప్పు మాటను నమ్మి యూరకుండక, తన మనుష్యులను పంపి పరీక్షింపవలెను. తప్పు జరుగబోయి తప్పిపోయిన సంగతిని తనంతట వచ్చి చెప్పిన పనివానిని దండింపక, అతని మాటనుండి పాఠము నేర్చుకొనవలెను. కట్టలో బొరియ యున్నదని చెప్పిన నీరటిని తిట్టిన యూరిలో రెండవమాఱు ఎవ్వడును చెప్పడు.

ఇక మన దేశమున ఈ నీరటి యెవ్వరు? డి. జి. సి. ఏ. యని ప్రసిద్ధమైన పౌరవిమానయాన సంచాలనాలయము. పైలట్ల కనుమతిపత్రము లిచ్చునది, విమానములు ఎగురుటకు యోగ్యములని నిర్ణయించునది, విద్యాలయములను తనిఖీ చేయునది, నియమములు చేయునది, తప్పినవారిని దండించునది అదియే. 1934వ సంవత్సరమున పరప్రభుత్వము చేసిన విమాన చట్టము క్రింద చిరకాలము ఇది ప్రభుత్వశాఖలో నొక కార్యాలయముగా నుండినది. 2020లో చేయబడిన సవరణవలన దీనికి చట్టబద్ధమైన స్థానము కలిగినది. భారతీయ వాయుయాన్ అధినియమము 2024లో ఆమోదింపబడి, 2025 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, తొంబదియేండ్ల పాత చట్టమును తొలగించినది. పరపాలకుల చట్టము పోయి మన చట్టము వచ్చినందులకు మేమును సంతోషించితిమి. కాని పేరు మారినంత మాత్రమున బలము రాదు.

2025 ఆగస్టు మాసమున పార్లమెంటు స్థాయీసంఘము విమానయాన రక్షణమును గూర్చి సమర్పించిన నివేదికను ప్రతి పఠనమందిరమునను చదివి వినిపింపవలసి యున్నది. డి. జి. సి. ఏ.కు మంజూరైన యుద్యోగములు 1,063; అందులో అప్పటికి పనిచేయుచుండినవారు 553 మంది. అనగా దాదాపు సగము కుర్చీలు ఖాళీ. ఆకాశమున విమానములు ఏటేట పెరుగుచుండగా నేలమీద వానిని పరీక్షించువారు సగము లేరు. ఆ సంఘమున అన్ని పక్షముల సభ్యులును కలరు. కావున ఇది ప్రతిపక్షపు నింద యని త్రోసివేయుటకు వీలు లేదు. ఆ సంస్థకు పాలనావిషయములలోను, ధనవిషయములలోను స్వాతంత్ర్యము కావలెనని ఆ సంఘమే కోరినది.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. 2014 జనవరి 31వ తేదీన అమెరికా విమానయానాధికారులు మన దేశపు తనిఖీవ్యవస్థ అంతర్జాతీయ ప్రమాణములకు సరిపోదని మనలను రెండవ తరగతికి దించిరి. తనిఖీ చేయు పైలట్లు తగినంతమంది స్థిరోద్యోగులుగా లేరనుట నాడు చూపిన కారణములలో ముఖ్యమైనది. ఆ యవమానమునకు పది దినముల ముందు మాత్రమే మన మంత్రివర్గము 75 మంది తనిఖీదారుల నియామకమునకు సమ్మతించినది. 2015 ఏప్రిలులో మరల మొదటి తరగతి లభించినది. ఆ తరువాత శ్రమపడినందులకు ఫలమును కనబడినది: 2022 నవంబరున అంతర్జాతీయ సంస్థ జరిపిన పరీక్షలో మన మార్కులు మునుపటి 69.95 శాతమునుండి 85.49 శాతమునకు పెరిగినవి. మంచిని మంచి యనుటకు మాకు సంకోచము లేదు. అయినను పరీక్షదినమున మార్కులు వచ్చిన యింటిలో, మూడేండ్లకే సగము కుర్చీలు ఖాళీయని మన పార్లమెంటే చెప్పవలసివచ్చినది. పరాయివాడు వ్రేలెత్తి చూపినప్పుడు మాత్రమే సిగ్గుపడు జాతి స్వరాజ్యమును పూర్తిగా జీర్ణించుకొన్నదనవచ్చునా?

ఇప్పుడు 2025 డిసెంబరు నాటి సంగతికి వత్తము. పైలట్ల యలసటను తగ్గించుటకై డి. జి. సి. ఏ. 2024 జనవరిలో నియమములను ప్రకటించినది. వారమునకు 36 గంటలుగా నుండిన విశ్రాంతిని 48 గంటలు చేసినది. రాత్రివేళ చేయదగిన అవతరణములను ఆరునుండి రెంటికి తగ్గించినది. సంస్థలు అభ్యంతరములు చెప్పినవి; అమలు వాయిదా పడినది; తుదకు ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమున వ్యాజ్యము నడచినపిదప 2025 జూలై 1, నవంబరు 1 తేదీలనుండి రెండు దఫాలుగా అమలు చేయుటకు నిశ్చయమైనది. సిద్ధపడుటకు దాదాపు రెండేండ్ల వ్యవధి దొరికినది. అయినను దేశములోని ప్రయాణీకులలో నూటికి అఱువదిమందికి పైగా తీసికొనిపోవు ఇండిగో సంస్థ తగినంతమంది పైలట్లను సమకూర్చుకొనలేదు. డిసెంబరు మొదటివారమున దాని విమానములు వరుసగా ఆగిపోయినవి. 5వ తేదీ యొక్కదినముననే వేయికి పైగా విమానములు రద్దయినవి. శంషాబాదు మొదలు ఢిల్లీ వఱకు విమానాశ్రయములలో జనులు సామానులమీద తల వాల్చి రాత్రులు గడపిరి. పెండ్లిండ్లు తప్పిపోయినవారును, రోగులును, పరీక్షలకు పోవలసిన విద్యార్థులును ఆ గుంపులలో నుండిరి.

ప్రభుత్వ మేమి చేసినది? ఆ సంస్థకు రాత్రిపని నియమములనుండి 2026 ఫిబ్రవరి 10వ తేదీవఱకు మినహాయింపు నిచ్చినది. వారపు విశ్రాంతికి బదులుగా సెలవును లెక్కింపరాదను నిబంధనను నిలిపివేసినది. తరువాత ఆ సంస్థ విమానములలో నూటికి పదింటిని తగ్గించినది. ఆ సంస్థను కనిపెట్టి చూడవలసిన తనిఖీదారులను నలుగురిని తొలగించినది. 2026 జనవరిలో 22.20 కోట్ల రూపాయల జరిమానా విధించినది.

ప్రభుత్వపక్షమున చెప్పదగినదానిని చెప్పకుండుట మా ధర్మము కాదు. లక్షలమంది జనులు త్రోవలో చిక్కుకొనియుండగా నియమమే ముఖ్యమని చేతులు కట్టుకొని కూర్చుండుట ఏ మంత్రికిని సాధ్యము కాదు. పౌరవిమానయాన మంత్రి కింజరాపు రామమోహన నాయుడుగారు మన తెలుగుబిడ్డ, శ్రీకాకుళమువారు. ఆ దినములలో వారిపై పడిన యొత్తిడి సామాన్యమైనది కాదని యెఱుగుదుము. కాని మేమడుగునది యొక్కటే. పైలట్లు చాలనప్పుడు తగ్గింపవలసినది విమానముల సంఖ్యనా, పైలటు నిద్రనా? విమానముల సంఖ్యను తగ్గించు అధికారము ప్రభుత్వమునకు కలదని, కొన్ని దినములకు ప్రభుత్వమే నూటికి పదింటిని తగ్గించి ఋజువుచేసినది. ఆ యుత్తరువే ముందు వచ్చియున్నచో మినహాయింపు అవసరము ఎంతో తగ్గియుండెడిది. నవంబరు 1వ తేదీకి ముందే, ఇంతమంది పైలట్లతో ఇన్ని విమానములు నడుపగలరా యని ఒక గుమాస్తా కూర్చుండి లెక్కవేసినను తేలియుండెడి సంగతి కదా ఇది! వేసవిలో నడువని నీరటి, గండి పడిన రాత్రి కట్టమీదికి వచ్చినట్లైనది.

నిద్రను గూర్చి ఇంత పట్టుబట్టుట యేల యని యెవ్వరైనను అడిగినచో మంగుళూరును చూపుదుము. ఆ విమానపు ప్రధాన పైలటు దారిలో సుమారు గంట నలువది నిమిషములసేపు నిద్రించినట్లు ధ్వనియంత్రము పట్టియిచ్చినది; గుఱక యందు వినబడినది. తెల్లవారుజామున శరీరము నిద్రను కోరు వేళ, అప్పుడే మేల్కొన్న మత్తులో, దిగవలసిన ఎత్తుకన్న మిక్కిలి పైనుండి ఆయన విమానమును దింపబూనెను. ప్రక్కనున్న సహపైలటు మూడుమాఱులు మరల పైకి లేపుమని చెప్పినను వినలేదు. 158 ప్రాణములు పోయినవి. పదేండ్ల పిదప కోళిక్కోడున, అదేవిధముగా కొండమీది దారిపై, వానలో, మరల పైకి లేపవలసిన విమానమును దింపబోయి 21 మందిని పోగొట్టుకొంటిమి. ఒక విచారణ నివేదికలోని పాఠమును రెండవ విచారణ నివేదికలో తిరిగి వ్రాయవలసివచ్చిన దేశము, మొదటిదానిని చదువలేదని యర్థము.

విచారణ మాట వచ్చినది గనుక న్యాయవాదవృత్తిలో నున్నవారికి స్ఫురించు నొక సంగతిని చెప్పెదము. తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి కాగూడదనుట న్యాయశాస్త్రమున తొలి పాఠము. విమానప్రమాదములను విచారించు సంస్థ 2012లో ప్రత్యేకముగా నేర్పడినది, మంచిదే. కాని విమానములకు అనుమతు లిచ్చు డి. జి. సి. ఏ.యు, ప్రమాదము జరిగినప్పుడు విచారించు ఈ సంస్థయు ఒకే మంత్రిత్వశాఖకు లోబడియున్నవి. తనిఖీలో లోపమువలననే ప్రమాదము జరిగియుండినచో, ఆ మాటను నిర్భయముగా వ్రాయవలసినది ఆ తనిఖీదారుకు తోబుట్టువైన సంస్థయే!

ఇట్టి చిక్కును మన దేశము రైళ్ల విషయమున ఎనుబదియేండ్లకు పూర్వమే గుర్తించినది. రైళ్లు నడుపు బోర్డు క్రింద రైళ్ల రక్షణ తనిఖీదారు ఉండగూడదని 1941లో ఆ తనిఖీశాఖను రైల్వేనుండి విడదీసి వేఱొక శాఖకు అప్పగించిరి. నేటికిని రైల్వే రక్షణ కమీషనర్లు రైల్వే మంత్రికి గాక పౌరవిమానయాన మంత్రిత్వశాఖకు లోబడియుందురు. రైలు ప్రమాదమునకు పరాయిశాఖవాడు విచారణకర్త. విమాన ప్రమాదమునకు మాత్రము ఇంటివాడే విచారణకర్త. ఈ వ్యత్యాసమునకు సమాధాన మేమో మాకు తోచకున్నది.

రైళ్ల మాట పాలమూరువారికి మఱింత తెలియును. 1956 సెప్టెంబరు 2వ తేదీన జడ్చర్ల మహబూబునగరముల నడుమ వఱదకు వంతెన కూలి నూరుమందికి పైగా మృతినొందిరి. నాటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా నిచ్చిరి, నెహ్రూగారు అంగీకరింపలేదు. అదే సంవత్సరము నవంబరున అరియలూరులో మఱియొక ఘోరప్రమాదము జరుగగా శాస్త్రిగారు మరల రాజీనామా సమర్పించి తప్పుకొనిరి. ఆ వంతెనను ఆయన కట్టలేదు, ఆ రైలును ఆయన నడపలేదు. అయినను బాధ్యత తనదనెను. ఆ మహనీయుని పేరు తలచి చప్పట్లు కొట్టు నాయకులు, ఆయన నడచిన దారిలో ఒక్క యడుగు వేయుదురా? మాకు రాజీనామాలమీద మోజు లేదు. బాధ్యత యెవ్వరిదో నిర్ణయమై యుండవలెనని మాత్రమే మా కోరిక.

అట్టి నిర్ణయము లేనప్పుడు నింద యెవ్వరిమీద పడునో అహమ్మదాబాదు చూపినది. 2025 జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదిక, విమానము లేచిన వెంటనే రెండు యంత్రముల ఇంధనపు మీటలును ఒక్క సెకండు తేడాలో మూయు స్థానమునకు మారెనని చెప్పినది. ఏల మూసితివని ఒక పైలటు అడుగగా, నేను మూయలేదని రెండవవాడు చెప్పెననియు వ్రాసినది. అంతకుమించి నిర్ధారింపలేదు. కాని ఈ రెండు వాక్యముల నాధారము చేసికొని దేశవిదేశములలో కొందఱు చనిపోయిన పైలటుపై తీర్పు వ్రాసివేసిరి. వృద్ధుడైన ఆయన తండ్రి సుప్రీముకోర్టు మెట్లెక్కవలసివచ్చినది. పైలటును ఎవ్వరును నిందింపజాలరని, ఆ భారమును మనసున పెట్టుకొనవలదని 2025 నవంబరున న్యాయమూర్తులు ఆ తండ్రి నూరడించిరి. చనిపోయినవాడు వచ్చి సాక్ష్యము చెప్పడు. అందుచేతనే అతనిపై నింద మోపుట యందఱకును సులభము. విచారణసంస్థ స్వతంత్రమైనదని జనులు నమ్మినప్పుడు మాత్రమే, అది పైలటుదే తప్పన్నను, యంత్రముదే తప్పన్నను, ప్రభుత్వముదే తప్పన్నను లోకము వినును.

మన తెలంగాణమునకు ఈ ప్రశ్న రాబోవు దినములలో ఇంకను దగ్గఱపడును. ఓరుగల్లు ప్రక్కన మామునూరు విమానాశ్రయమునకు 2025 ఫిబ్రవరిలో కేంద్రము అనుమతి నిచ్చినది. పాలమూరు జిల్లాలోను స్థలపరీక్షలు జరిగియున్నవి. ఒకనాడు నిజాము రాజ్యమున 1945లో దక్కను ఎయిర్వేసు సంస్థ వెలసి, బేగంపేటనుండి విమానములు నడపి, 1953లో జాతీయసంస్థలో లీనమైనది. కావున విమానము మనకు క్రొత్తది కాదు. విమానాశ్రయములు రావలెను, మన యువకులు పైలట్లు కావలెను, యంత్రవిద్యయందు ఆరితేరవలెను. విమానముల విషయమున పిఱికితనము బోధించుట మా యుద్దేశము కాదు. చెరువు వలదన్నవాడు నీరటిని కోరడు. చెరువు కావలెనన్నవాడే కోరును.

కావున మా కోరికలను స్పష్టముగా చెప్పుచున్నాము. డి. జి. సి. ఏ.లోని ఖాళీలను గడువు నిర్ణయించి పూరింపవలెను. ఎన్ని నిండినవో మూడునెలలకొకమాఱు ప్రజలకు ప్రకటింపవలెను. ఆ సంస్థకు తన నిధియు, తన నియామకాధికారమును ఉండవలెను. ప్రమాదవిచారణ సంస్థను మంత్రిత్వశాఖనుండి విడదీసి పార్లమెంటునకు జవాబుదారిగా చేయవలెను. విశ్రాంతి నియమములకు మినహాయింపు ఇయ్యవలసివచ్చినచో, కారణములను, గడువును, దానివలన కలుగు ముప్పు లెక్కను వ్రాతమూలముగా ప్రకటించిన పిదపనే ఇయ్యవలెను. లోపమును చెప్పిన పైలటునకును, యంత్రకారునకును, గగనమార్గ నియంత్రకునకును చట్టరక్షణ యుండవలెను. వైమానిక విద్యాలయముల తనిఖీ ఫలితములు ఆ విద్యార్థుల తలిదండ్రులు చదువుకొనునట్లు బహిరంగపఱుపవలెను. రాష్ట్రప్రభుత్వములు మంత్రుల ప్రయాణములకు ఉపయోగించు హెలికాప్టర్లను, ఎన్నికల దినములలో అద్దెకు తెచ్చు విమానములను అన్నిటికన్న కఠినముగా పరీక్షింపవలెను. వాతావరణము బాగులేదని చెప్పిన పైలటు మాట ముఖ్యమంత్రి మాటకన్న పైది కావలెను.

ఇవి చేయుటకు ధనము కావలెననుట నిజమే. కాని 553 మందిని 1,063 మందిగా చేయుటకు పట్టు వ్యయమును ఒక్క విమానపు వెలతో పోల్చిచూచినచో ఆ యాక్షేపణ తేలిపోవును. ప్రాణముల వెలతో పోల్చవలసిన పనియే లేదు.

ప్రజలు చేయవలసిన పనియు కలదు. సభ జరుపుకొనుటకే దివాణపు అనుమతి కావలసిన గస్తీ నిషాన్ 53 దినములను మన పెద్దలు చూచిరి. నాడు గ్రంథాలయము పెట్టుటయే సాహసము, ప్రశ్నించుట నేరము. నేడు మనకు 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు. పార్లమెంటున మన సభ్యుడు కలడు. చిట్యాలవారు భువనగిరి సభ్యునకు, పెద్దవూరవారు నల్లగొండ సభ్యునకు ఒక్కొక్క యుత్తరము వ్రాసి, మన జిల్లామీద ఎగురు శిక్షణ విమానములను ఎవ్వరు, ఎన్నాళ్లకొకమాఱు తనిఖీ చేయుచున్నారని యడుగుటకు తపాలా ఖర్చు తప్ప వేఱు ఖర్చు లేదు. వంద యుత్తరములు చేరినచో ఆ ప్రశ్న ఢిల్లీలో లేచును. పది పఠనమందిరములు ఈ యొక్క పనిని తలపెట్టిన వంద యుత్తరములు వ్రాయుట యెంతసేపు?

స్వరాజ్యమనగా పరాయివాని జెండాను దించి మన జెండాను ఎగురవేయుట మాత్రమే యని మేమెన్నడును నమ్మలేదు. మన ప్రాణములకు మన ప్రభుత్వమును జవాబుదారిగా చేసికొనుటయే స్వరాజ్యము. తుంగతుర్తి పొలములో ఏ తల్లి కన్నబిడ్డయో ఒంటరిగా నేలకూలినది. ఆ తల్లికి మన జిల్లా ఒక సమాధానము బాకీపడియున్నది. వానకాలము మరల రాకముందే కట్టమీద నీరటి నడచుచున్నాడని ఆమెకు చెప్పగల దినము వచ్చినప్పుడు గాని ఆ బాకీ తీరదు.